కుడి చెవిలో పాట

భార్య అతన్ని ఏళ్ల తరబడి మోసం చేసింది. ఇందులో వాదనకు చోటు లేదు.

అతను ఫ్యాక్టరీలో లేత్ మెషిన్ మీద, ఆమె అక్కడే ప్యాకింగ్‌లో. కంపెనీ బస్సులో ఇద్దరిదీ ఒకే సీటు. ఇద్దరికీ కలిపి ఫుట్‌పాత్ మీద కొన్న ఇయర్‌ఫోన్ ఒకటి. కిటికీ పక్కన కూర్చునే అతనికి ఎడమది, ఆమెకు కుడిది. అది ఎన్నడూ తారుమారు కాలేదు.

వాళ్లకు ఇష్టమైన పాటలో పల్లవికీ చరణానికీ నడుమ అతని చెవిలో ఉత్త తబలా మోగేది. అక్కడ ఆమె ఒక కూనిరాగం తీసేది. చివర్లో మెట్టు దిగినట్టు చిన్న విరుపు.

“పాటలో లేనిది, మా ఆవిడ సొంతంగా కట్టింది” అని ఒకరోజు వెనక సీటువాళ్లకు గొప్పగా చెప్పాడు.

“అయితే లేత్ మానేసి హార్మోనియం కొనుక్కో బావా” అన్నాడు వాళ్లలో ఒక ఫిట్టర్.

ఆమె నవ్వింది. కాదనలేదు.

ఆమె పోయాక కూడా అతను ఎడమదే పెట్టుకున్నాడు. కుడిది గుండె మీద వేలాడేది. “రెండోది కూడా పెట్టుకోవచ్చుగా” అని ఎవరైనా అంటే మింగేసేలా చూసేవాడు. తబలా దగ్గరికి రాగానే ఆమె గొంతు దానంతట అదే వచ్చి పక్కన కూర్చునేది. అతనికి మిగిలిన ఆస్తి అదొక్కటే.

చివరికి వైరు పిన్ను దగ్గర తెగింది. కూతురింటికి వెళ్లినప్పుడు అల్లుడు పెద్ద హెడ్‌ఫోన్ ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు.

“ఆ తాడు నులుముతూ ఎన్నాళ్లు కూర్చుంటారు మామయ్యా! దీంట్లో పాడేవాడు ఊపిరి పీల్చడం కూడా వినిపిస్తుంది.”

పల్లవి అయింది. తబలా మొదలైంది. కుడి చెవిలో వయొలిన్ లేచింది. అదే రాగం. చివర్లో అదే విరుపు.

వెనక్కి తిప్పి మళ్లీ విన్నాడు.

“ఈ వయొలిన్ ఎక్కణ్ణుంచి వచ్చింది?”

“మొదట్నుంచీ ఉన్నదే. కొన్ని వాయిద్యాలు ఎడమకి, కొన్ని కుడికి పెడతారు. మీరిన్నాళ్లూ సగం పాటే విన్నారు మామయ్యా.”

ఇద్దరికీ ఒకటే వినిపిస్తోందని ఆమె అనుకుందేమో! ఆ ఆలోచనను అతను గుమ్మంలోనే నిలబెట్టి పంపేశాడు. ఆ రోజు బస్సులో ఒక్క మాట చెబితే ఆమె సొమ్మేం పోయేది?

పక్కగదిలో కూతురు అదే రాగంతో పాపను జోకొడుతోంది. పాప పడుకున్నాక ఇవతలికి వచ్చింది.

“ఎలా ఉంది నాన్నా?”

“చెవులు నొక్కేస్తోంది.” తీసి అల్లుడి ఒళ్లో పెట్టేశాడు.

“అమ్మ ఈ రాగం ఎప్పుడు కట్టింది నాన్నా? పాప పెద్దయ్యాక చెప్పాలి.”

అల్లుడు ఏదో అనబోయాడు. అతను చూసిన చూపుకు నోరు మూసుకున్నాడు.

“బస్సులో కట్టింది. నా పక్కన కూర్చుని. ఇంకెప్పుడూ నన్ను ఆ సంగతి అడక్కు.”