భుజానేసుకుని చూడు

సిలార్ చక్రాన్ని తిప్పి వదిలి, రిమ్ము అంచుకు బొటనవేలి గోరు ఆనించి వింటున్నాడు. గోరు ఎక్కడ గీసుకుంటే అక్కడ వంకర. అక్కడి స్పోకు పుల్లను పావు చుట్టు బిగించి మళ్ళీ తిప్పాడు. అట్టపెట్టెల్లో కంపెనీ నుంచి వచ్చే సైకిళ్ళకు, చక్రాలు సరిచూశామని రాసిన కాగితం ఒకటి వేలాడుతుంటుంది. ఆ కాగితాన్ని అతను ఏనాడూ నమ్మలేదు.

అరవై రెండేళ్ళ మనిషి. పొట్టిగా, సన్నగా ఉంటాడు. కుడి భుజం ఎడమదానికంటే వేలెడు కిందికి జారి ఉంటుంది. గుంటూరులోని ఈ షాపు వెనకగదిలో ముప్ఫయ్యొక్కేళ్ళుగా సైకిళ్ళు బిగిస్తున్నాడు. షాపు పెట్టిన పెద్దాయన మొదటిరోజే చెప్పాడు, బేరం ముందుగదిలో, బిగింపు వెనకగదిలో అని. పెద్దాయన పోయి కొడుకు సంజీవరావు ఆ కుర్చీలోకి వచ్చాక కూడా, సిలార్ గడప దాటి కొనేవాళ్ళతో మాట్లాడింది లేదు.

పదకొండింటికి ముందుగదిలో పెద్ద గొంతు వినపడింది.

"కొండలెక్కే సైకిలంట, చూపించండి. నలభై వేలు. అంతకు మించి నావల్ల కాదు. మిరపకాయలమ్మిన డబ్బండీ, నోట్లు ఇంకా ఘాటుగానే ఉన్నయ్యి."

ప్రత్తిపాడు రైతు పిచ్చయ్య. పక్కన కూతురు శ్రీదివ్య. డిగ్రీ రెండో ఏడు చదువుతూ కాలేజీ తరఫున సైకిలు పందేలకు వెళుతోంది. మూడు వారాల్లో కొండవీడు దగ్గర జిల్లా పోటీ ఉంది. కొంత కొండబాట, ఆపైన పత్తిచేల మధ్య డొంక. మొదటి ఆరుగురిని రాష్ట్ర జట్టుకు తీసుకుంటారు. ఇన్నాళ్ళూ స్నేహితురాలి సైకిలు అడిగి తెచ్చుకుని తొక్కింది. ఈసారి ఆ స్నేహితురాలు కూడా పోటీలో ఉంది.

సంజీవరావు గోడకు వేలాడుతున్న ఎర్ర సైకిలును కిందికి దించాడు. ముందూ వెనకా స్ప్రింగులు, లావు టైర్లు. ఏడాదిగా ఎవరూ కొనక దుమ్ము పట్టింది. పిచ్చయ్య దాన్ని పట్టుకుని జానెడు పైకి లేపాడు. మొహం విప్పారింది.

"అబ్బ, బరువుందండీ! డబ్బు పెట్టామంటే చేతికి తెలియాలి."

"నాన్నా, ఇదేమన్నా పత్తి బోరెమా, కాటా వెయ్యటానికి?"

"నువ్వూరుకోవే. గాలికి ఎగిరిపోయేది కొంటామా ఏంది?"

పక్కనే బూడిదరంగు సైకిలు ఉంది. దానికి ముందు మాత్రమే స్ప్రింగు. వెల ముప్ఫయ్యెనిమిది వేలు. శ్రీదివ్య దానివైపే చూస్తోంది కానీ, అదే ఎందుకు కావాలో తండ్రికి నచ్చేలా చెప్పే మాట దొరకడం లేదు. సంజీవరావు అప్పటికే ఎర్రదానికి బిల్లు పుస్తకం తెరిచాడు.

పోటీ సంగతి చెబుతూ పిచ్చయ్య డొంక అన్నప్పుడే, వెనకగదిలో సిలార్ చెయ్యి ఆగిపోయింది.

పెళ్ళయిన కొత్తలో అతను ప్రత్తిపాడులో బావగారి అద్దె సైకిళ్ళ కొట్లో ఉండేవాడు. శ్రావణం రాగానే సైకిళ్ళకు మడ్‌గార్డులు విప్పి అటక మీద పడేసేవారు. అయినా తడిసిన నల్లరేగడి టైరుకు పొరలు పొరలుగా అంటుకుని, ఫోర్కులో ఇరుక్కుని, చక్రం రాయిలా బిగుసుకుపోయేది. పెద్దకూతురు నజ్మీన్ పుట్టిందని కబురొచ్చిన రోజున అతను జిలేబీ పొట్లం హ్యాండిలుకు కట్టుకుని అత్తగారి ఊరు బయలుదేరాడు. సగం దారిలో చక్రాలు తిరగడం మానేశాయి. మిగతా మూడు మైళ్ళూ సైకిలును భుజానేసుకుని నడిచాడు. మోకాళ్ళదాకా బురదతో వాకిట్లో నిలబడితే, భార్య జోహరాబీ మంచం మీదినుంచే చూసి నవ్వింది.

"ఏమయ్యా, సైకిలెక్కి వచ్చావా, సైకిల్నెక్కించుకుని వచ్చావా?"

ఆయన భుజం ఆ రోజే జారిందని జోహరాబీ అందరికీ చెప్పేది. నిజానికి అది పుట్టుకతోనే అంతే. ఆమె పోయి నాలుగేళ్ళయింది. ఆ మాటను అతను అప్పుడూ సరిదిద్దలేదు, ఇప్పుడూ సరిదిద్దడు.

సిలార్ పానా కింద పెట్టి గడప దాటాడు.

"అమ్మా, ఆ ఎర్రదాన్ని ఒకసారి భుజానేసుకుని చూడు."

సంజీవరావు తలెత్తాడు. "సిలార్ భాయ్, లోపల పని లేదా?"

"ఉంది బాబూ, వెళతా," అన్నాడు గానీ కదల్లేదు.

శ్రీదివ్య ఎర్ర సైకిలు గొట్టం కింద భుజం దూర్చబోయింది. స్ప్రింగు అడ్డమొచ్చింది. ఎలాగో ఎత్తుకుని పది అడుగులు వేసేసరికి మెడ ఒక పక్కకు ఒరిగిపోయింది. దాన్ని దించి బూడిదరంగుది ఎత్తుకుంది. మెట్లు దిగి, రోడ్డు మీద కొబ్బరిబోండాల బండి దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

"మనం కొనేది తొక్కటానికా సాయిబుగారూ, ఊరేగించటానికా?" అన్నాడు పిచ్చయ్య.

"వాన పడితే మీ డొంకలో తొక్కగలరా, మీరే చెప్పండి."

సిలార్ వంగి ఎర్ర సైకిలు టైరుకూ ఫోర్కుకూ మధ్య చిటికెనవేలు పెట్టాడు. దూరలేదు. బూడిదదానికి రెండువేళ్ళు పట్టాయి.

"మట్టి బయటికి పోయే దారుండాలయ్యా. లేకపోతే బండి అక్కడే నిలబడిపోద్ది."

పిచ్చయ్య కూడా గొంతుక్కూర్చున్నాడు. తన వేళ్ళు తను పెట్టి చూసుకున్నాడు. ఎర్రదానికి ఒకసారి, బూడిదదానికి రెండుసార్లు.

"ఈ బక్కదే కట్టండి," అన్నాడు లేస్తూ.

సంజీవరావు సిలార్ వైపు చూడకుండా బిల్లు రాశాడు.

మధ్యాహ్నం రెండింటిదాకా సిలార్ ఆ సైకిలుతోనే ఉన్నాడు. పిల్లను ఎక్కించి సీటు ఎత్తు సరిచేశాడు, దించి మళ్ళీ ఎక్కించాడు. ఆఖరున స్టాండు, బెల్లు, చీకట్లో మెరిసే బిళ్ళలు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు.

"డబ్బు పోసి కొన్నవి పీకేస్తున్నావేందయ్యా?"

"పందెంలో స్టాండేసి నిలబెట్టుద్దా అండీ మీ అమ్మాయి?"

శ్రీదివ్య పకపకా నవ్వింది. పిచ్చయ్య నవ్వాపుకోవడానికి రోడ్డు వైపు తిరిగాడు. ఆ హడావుడిలో విప్పినవి అక్కడే మర్చిపోయి, సైకిలును ఆటో మీదికెక్కించుకుని వెళ్ళిపోయారు.

"ఇన్నేళ్ళూ నోరు తెరవలేదు, ఇవాళే తెరవాలా?" అన్నాడు సంజీవరావు సాయంత్రం.

"ఆ నల్లరేగడి డొంకలు నాకు తెలుసు బాబూ."

సిలార్ సబ్బుతో మోచేతులదాకా కడుక్కుని బయలుదేరాడు.

పోటీకి రెండురోజుల ముందు తుపాను వాన పట్టుకుంది. ఆ వానలోనే ఒక ఉదయం సిలార్ టీ తాగి, కాసేపు నడుం వాలుస్తానని నజ్మీన్‌తో చెప్పి పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు. సంజీవరావు షాపు మూసి వెళ్ళి, జనాజాకు వీధి చివరిదాకా భుజం పట్టాడు.

నెల తిరిగాక శ్రీదివ్య సైకిలు మొదటి సర్వీసుకు ప్రత్తిపాడు నుంచి తొక్కుకుంటూ ఒక్కతే వచ్చింది. నేరుగా వెనకగది గడప దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"తాతా, ఏడోది వచ్చా! ఆరుగుర్నే తీసుకున్నారులే. అయినా డొంకలో ఐదుగుర్ని దాటా, భుజానేసుకుని. వాళ్ళంతా పుల్లలతో మట్టి గీక్కుంటూ కూర్చున్నారు..."

లోపల ఎవరూ లేరు. సంజీవరావు కుర్చీలోంచి లేచి వచ్చి చెప్పాడు. ఆమె హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుంది. అతను గోడమేకుకు వేలాడుతున్న పాలిథిన్ కవరు తీసుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

లోపల స్టాండు, బెల్లు, మెరిసే బిళ్ళలు. పైన అంటించిన అట్టముక్క మీద వంకర అక్షరాలతో "ప్రత్తిపాడు పాపవి" అని రాసి ఉంది. కవరు మూతికి పాత ట్యూబు ముక్క రెండు చుట్లు చుట్టి, విప్పేవాళ్ళకు కష్టం లేకుండా ఒక కొస బయటికి వదిలి ఉంది.