జ్వరం రాని పనివాళ్ళు

పిచ్చుకకు గుణకారం రావడం లేదని టీచరు కబురు పెడితే తండ్రి నమ్మలేదు. ఎక్కాలు నిద్రలో లేపి అడిగినా చెబుతుంది ఆ పిల్ల. పిచ్చుక అన్నది ఒక్కచోట నిలవదని తల్లి పెట్టిన ముద్దుపేరు. తల్లి పోయాక కూడా ఇంట్లో ఆ పేరే మిగిలింది.

ఆయన పనిచేసేది ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీలో. ఒక పూట కూలి వదులుకొని బడికి వెళ్ళాడు. టీచరమ్మ పరీక్ష కాగితం తీసి ముందు పెట్టింది. ఒక కార్మికుడు రోజుకు నలభై రూపాయలు సంపాదిస్తే ఆరు రోజులకు ఎంత అని లెక్క. నూట అరవై అని రాసింది పిల్ల. కింద రంగులు వేసే మనిషి లెక్క, ఇంటింటికీ పాలు పోసే మనిషి లెక్క. అన్నిట్లోనూ తక్కువే.

"డబ్బు సంపాదించే లెక్కలొస్తేనే ఇలా చేస్తుందండీ. మిగతావన్నీ చక్కగా వచ్చు," అంది టీచరమ్మ. "మళ్ళీ ఓ పరీక్ష పెడతాను. మీరు కాస్త దగ్గర కూర్చోబెట్టుకోండి. అదీ పోతే ఈ తరగతిలోనే ఉంచెయ్యమంటారు మా పైవాళ్ళు."

ఆ సాయంత్రం పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా ఆయన కూతురి పక్కన చాప మీద కూర్చున్నాడు.

"ఈ నూట అరవై ఎలా వచ్చిందమ్మా?"

"నలభైని నాలుగుతో గుణించాను."

"ఆరు రోజులని ఇచ్చారు కదా?"

"ఆరు రోజులూ ఎవరెళ్తారు నాన్నా? రెండు రోజులు జ్వరం వస్తుంది కదా."

ఆయన భార్య కూడా ఆ లాండ్రీలోనే ఇస్త్రీ యంత్రం దగ్గర పనిచేసేది. కిందటి చలికాలం దగ్గూ జ్వరమూ పట్టుకున్నాయి. పని మానితే ఆ రోజు కూలి లేదు. వారం చివర జీతం కవరు గూట్లో పెడుతూ, "ఈసారి నాలుగు రోజులవే వచ్చాయి," అనేది. తర్వాత మూడు రోజులవన్నది. ఆ తర్వాత కవరు రాలేదు. కూలి లెక్క పిల్లకు పుస్తకం కంటే ముందే అలా ఒంటబట్టింది.

"పుస్తకంలో వాళ్ళకు జ్వరాలు రావమ్మా," అన్నాడాయన.

"ఎందుకు రావు?"

"వచ్చినా డబ్బులిచ్చే యజమాని దగ్గర చేస్తున్నారనుకో."

పిల్ల పెన్సిలు కొరుకుతూ ఆలోచించింది. "అలాంటి యజమాని ఉంటాడా?"

"ఉంటాడు."

"ఎక్కడ?"

ఎలాగోలా ఈ గండం గట్టెక్కితే చాలనుకున్నాడాయన. "మా దగ్గరే. ఇప్పుడు ఇస్తున్నారు."

"అమ్మ పోయాకా?"

"ఊఁ."

పిల్ల తల వంచుకొని లెక్కలన్నీ వరసగా చేసేసింది. ఒక్కటీ తప్పు పోలేదు. తర్వాత పరీక్షలో కూడా పోలేదు. పిల్లను పై తరగతికి పంపుతామని టీచరమ్మ కబురు పెట్టింది. ఆయన గుండెల మీంచి బరువు దిగినట్టయింది.

ఒకనాడు బడికి సెలవిచ్చారు. ఇంట్లో చూసేవాళ్ళు లేక పిల్లను వెంటబెట్టుకొని లాండ్రీకి వెళ్ళి, తాను పనిచేసే మడతబల్ల పక్కన దుప్పట్ల మూట మీద కూర్చోబెట్టాడు. సూపర్‌వైజరు అటుగా వచ్చాడు. చెడ్డవాడేం కాదు. పిల్ల తల నిమిరి, "ఏం, పనిలో చేరతావా?" అని నవ్వాడు.

పిల్ల లేచి నిలబడింది. "అమ్మకు జ్వరమొచ్చిన రోజుల డబ్బులు కూడా ఇస్తారా అండీ? ఇప్పుడు ఇస్తున్నారట కదా."

బల్ల చుట్టూ మడతలు పెడుతున్న చేతులు ఆగిపోయాయి. పక్కనున్న ఆవిడ మెల్లగా తండ్రితో, "నిజమేనా అన్నా? మాకెవరూ చెప్పలేదే," అంది. ఆవిడ కళ్ళలో ఆశ చూసి ఆయన తల తిప్పుకున్నాడు.

"ఎవరు చెప్పారమ్మా నీకు?" అన్నాడు సూపర్‌వైజరు. నవ్వు మాయమైంది.

"నాన్న."

మర్నాడు ఆయన్ను మడతబల్ల దగ్గర్నుంచి తీసి తడిగదిలో వేశారు. యంత్రాల్లోంచి నీళ్ళోడే దుప్పట్లు లాగి బండికెత్తడం అక్కడి పని.

"పిల్లకు లెక్క అర్థం కావాలని చెప్పానండీ, అంతే," అన్నాడాయన.

"చెప్పుకో. నలుగురిలో ఇలాంటివి పుట్టించకు. నా ఉద్యోగానికే ఎసరొస్తుంది," అన్నాడు సూపర్‌వైజరు, కోపం లేకుండానే.

ఇంటికొచ్చేసరికి ఆయన వేళ్ళు నాని ముడతలు పడి, కొంకర్లు పోయి ఉన్నాయి. పిల్ల ఆ చేతుల వంక చూసి నీళ్ళు కాచింది. పళ్ళెంలో పోసి ముందు పెట్టింది. ఆయన చేతులు అందులో ముంచి కూర్చున్నాడు.

"నీకు అబద్ధం చెప్పానమ్మా. జ్వరమొస్తే మా దగ్గర ఎవరికీ ఏమీ ఇవ్వరు."

"నిన్ననే తెలిసింది నాన్నా. ఆ ఆంటీ మొహం చూశాను."

"మరి ఇక లెక్కలెలా చేస్తావు?"

"ఇస్తారనుకునే చేస్తాను. లేకపోతే తప్పంటారు కదా."

గొంతులో అలకేమీ లేదు. ఎవరో పెద్దమనిషి సర్దుకుపోయి మాట్లాడినట్టుంది. అలిగినా, ఏడ్చినా బాగుండుననిపించింది ఆయనకు. పిల్ల తువ్వాలు తెచ్చి ఆయన చేతులు ఒక్కొక్క వేలే తుడిచింది. తర్వాత పుస్తకం తెచ్చుకొని, ఆయన్ను అడక్కుండానే, కొత్త పాఠంలో మొదటి లెక్క చదువుకోవడం మొదలుపెట్టింది.