ఆరో తరగతి కొలత

ఎనిమిది పొరల తెల్లగుడ్డ మీద కత్తెర నడుస్తోంది. రామసుబ్బయ్య కత్తెరను మధ్యలో పైకి ఎత్తడు. కింది అలుగును బల్లకు ఆనించి, నీళ్లలో పడవను తోసినట్టు మెల్లగా ముందుకు తోసుకుపోతాడు. మెడ దగ్గర మొదలైన చప్పుడు కాళ్ల అంచు దాకా ఒక్కటే. ఆగిన చోట గుడ్డకు పన్నులాంటి చిన్న గాటు మిగులుతుందనీ, ఎంత ఇస్త్రీ చేసినా అది కనబడుతూనే ఉంటుందనీ అతని పట్టు.

అరబ్బులు తొడిగే దిష్‌దాషాలు కుట్టే ఆ దుకాణం వెనక గదికి కిటికీ లేదు. గదిలో ఉన్నదల్లా తెలుపే. తానులు తెలుపు, బల్ల తెలుపు, ట్యూబులైటు తెలుపు. ముప్పై నాలుగేళ్లుగా దాన్నే చూసి చూసి అతని కనుపాపల చుట్టూ కూడా ఒక తెల్లటి వలయం వచ్చింది. ఎక్కువసేపు వంగి ఉంటే ఆ తెలుపు కదులుతుంది. అప్పుడు ఇది కువైటో రాజంపేటో మరిచిపోతాడు. మంచు దిగిన వేరుశనగ చేలో నడుస్తున్నట్టు ఉంటుంది, కాళ్లు తడిసినట్టు కూడా ఉంటుంది.

అరవై ఒక్కేళ్ల సన్నటి మనిషి. కుడి బొటనవేలి మొదట్లో కత్తెర పిడి ఒత్తి ఒత్తి కాయ కట్టింది. ఒక భుజం రెండోదానికన్నా అంగుళం కిందికి జారింది. తన చొక్కాలు తానే కుట్టుకుంటాడు గనక ఆ అంగుళం సంగతి ఎవరికీ తెలియదు. ఈ ఉదయం నుంచి ఎడమ చెయ్యి లాగుతోంది. ఇరుకు మంచం, దాని మీదే పడుకున్నానేమో అనుకున్నాడు.

శుక్రవారం. ప్రార్థన వేళకు దుకాణం మూస్తారు, మళ్లీ ఐదింటికి తెరుస్తారు. దిష్‌దాషా కింద వేసుకునే నూలు పైజామాలు కత్తిరించగా మిగిలిన ముక్కల్ని అతను వారమంతా ఒక సంచిలో పోగేస్తాడు. ఆ చెత్త ఎందుకని యజమాని మొదట్లో అడిగేవాడు. ఇప్పుడు ఖలాస్, తీసుకుపో అని చెయ్యి ఊపుతాడు. సంచి భుజాన వేసుకుని, గోడల నీడ పట్టుకుని, రిగ్గైలో నర్సు నిస్సీ ఉండే ఫ్లాటుకు బయలుదేరాడు. గాలిలో సన్నటి దుమ్ము నిలిచిపోయి ఆకాశం కూడా తానులా పరుచుకుని ఉంది. వీధి మొత్తం నిద్రలో నడుస్తున్నట్టుగా ఉంది.

ఈ శుక్రవారాలకు మూలం రెండేళ్ల కిందటి ఒక మాట. సల్వాలో ఒక ఇంట్లో పనిచేసే పుష్పలత, యజమాని బట్టలు తీసుకుపోవడానికి డ్రైవరుతో వచ్చింది. వెనక గుమ్మం దగ్గర నిలబడి నూలు ముక్కలుంటే ఇమ్మని అడిగింది. దేనికమ్మా అంటే తల దించుకుంది. అతనికి చాలాసేపటికి గాని తెలిసిరాలేదు. నెలసరి వచ్చిన పూట అంగడికి పోయి కొనుక్కునే వీలు ఆ పిల్లకు లేదు. మామా అని పిలిచే ఇంటి యజమానురాలిని అడగాలంటే నోరు రాదు. అతను ముక్కలు మూట కడుతుంటే, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు ఆ పిల్లే చెప్పింది.

"మా ఊళ్లో గూడా ఇంతే చిన్నాయనా. తొమ్మిదిలో ఉన్నెప్పుడు బళ్లోనే పావడా కరాబయింది. మళ్ల నేను పోల్యా."

అతని కూతురు నాగవేణి బడి మానింది కూడా తొమ్మిదిలోనే. పాప బడికి పోనంటోందని అప్పట్లో భార్య ఫోనులో చెప్పింది. ఫోను బూతు బయట నలుగురు కాచుకుని ఉన్నారని అతను సరే అన్నాడు. అంతే, ఒక్క సరే. పదిహేనేళ్ల తర్వాత, పుష్పలత మాట విన్న రాత్రి, ఎందుకు మానిందని భార్యను అడిగాడు. "అది నీకు జెప్పే మాటనా?" అని మాత్రం అంది. ఆ మర్నాడు రామసుబ్బయ్య రెండు దిష్‌దాషాలు తప్పు కోశాడు.

ఆ వారమే, ఉతికి మళ్లీ వాడుకునే గుడ్డమెత్త ఒకటి నమూనాగా కుట్టి నిస్సీ ఫ్లాటుకు తీసుకుపోయాడు. ఆస్పత్రిలో పుష్పలతకు పరిచయమైన నర్సు నిస్సీ, రాజోలు వైపు పిల్ల, చేత్తో నొక్కి చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. లోపల బకరం పెట్టాడు. కాలరు గట్టిగా నిలబడటానికి పెట్టే బకరం. "బాబాయ్ గారూ, ఇది మెడకి కాదండి" అంది. పుష్పలత కొంగు నోట్లో కుక్కుకుంది. రామసుబ్బయ్య చెవులు ఎర్రబడ్డాయి. కొంచెంసేపు గోడ వైపు చూసి, అయితే మీరే చెప్పండి, నేను కుడతాను అన్నాడు. ఆ రోజు నుంచి అదే పద్ధతి. వాడేవాళ్లు చెబుతారు, అతను వింటాడు. దాని పేరు మాత్రం ఇంతవరకు అతని నోట రాలేదు. సరుకు అంటాడు.

నిస్సీ ఫ్లాటు ముందుగదిలో ఇప్పుడు రెండు మిషన్లు, శుక్రవారం మధ్యాహ్నం సెలవు దొరికే ఆరుగురు పనిపిల్లలు. ఒక్కొక్కరే ఇంటికి మళ్లి, రాయచోటిలో ఒక గది తీసుకుని, గల్ఫు నుంచి వెనక్కి వచ్చిన ఆడవాళ్ల చేత కుట్టించాలని, కొనగలిగినవాళ్లకు అమ్మి బడిపిల్లలకు ఊరికే ఇవ్వాలని ఆలోచన. దరఖాస్తులన్నీ నిస్సీ నింపింది. దీన్ని సోషల్ ఎంటర్‌ప్రైజ్ అంటారని చెప్పింది. పేరు బాగుందనీ, కుట్టు కూడా అంత గట్టిగా ఉండాలనీ రామసుబ్బయ్య అన్నాడు.

ముందు పోవలసింది పుష్పలత. ఆదివారం టికెట్టు. కానీ బుధవారం నాడు మామా ఆమెను పిలిచి, ఇక్కడ ఉండే అనుమతి, ఇఖామా, ఇంకో రెండేళ్లు పొడిగిస్తాను, ఉండిపొమ్మంది. ఇవాళ సాయంత్రం లోపల జవాబు చెప్పాలి. ఊళ్లో అవ్వ దగ్గర పెరుగుతున్న ఆరేళ్ల లాస్యకు నాలుగు రోజులుగా దగ్గు. ఫోనులో ఆ దగ్గు విన్నప్పటి నుంచి పుష్పలతకు తిండి దిగడం లేదు. పోతే ఎట్లా బతకడం, పోకుంటే బిడ్డ ఎట్లా ఉంటుంది?

రామసుబ్బయ్య సంచి దించి, కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, ఎప్పటిలాగే సూదిలో దారం ఎక్కించి కుర్చీ చేతి మెత్తకు గుచ్చుకున్నాడు. ఇంటికి పోయేవాళ్ల చేత పంపిన సరుకు అందుకున్న రాయచోటి బడి టీచరమ్మ ఈ వారం ఒక మాట చెప్పి పంపింది. ఇప్పుడు ఆరో తరగతి పిల్లలే పెద్దమనుషులవుతున్నారు, పెద్ద కొలత వాళ్లకు నిలవడం లేదు, చిన్నది కావాలని. చిన్నదానికి అచ్చు లేదు. పుష్పలత బల్ల మీద గుడ్డ పరిచి, సుద్ద పట్టుకుని, ఎప్పటిలాగే అతని వైపు తిరిగింది.

"ఈడ కోసేదా చిన్నాయనా?"

రెండేళ్లుగా ఆ ప్రశ్నకు అతని చూపుడువేలే జవాబు. వేలు పెట్టిన చోట ఆమె గీత గీసేది. ఇవాళ అతను చేతులు ఒళ్లోనే ఉంచుకున్నాడు.

"నీ బిడ్డకైతే యాడ కోస్తావు?"

"దానికి ఆరేండ్లే గదా."

"ఆరో తరగతికి రాకుండా పోతాదా?"

పరీక్ష పెడుతున్నారా బాబాయ్ గారూ, పాపం వేలెట్టి చూపించొచ్చు కదండి అని నిస్సీ వంటగదిలోంచి నవ్వింది. పుష్పలత నవ్వలేదు. సుద్ద కింద పెట్టేసింది.

"కోత తప్పితే? ఆడ నువ్వుండవు. అది నడవకపోతే నా బిడ్డకు ఏం బెట్టేది? మామా రెండేండ్లు ఉండమంటాంది. నువ్వు పొమ్మంటే పోతా, ఉండమంటే ఉంటా. నువ్వే జెప్పు."

మిషన్లు ఆగాయి. రామసుబ్బయ్య ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని కాసేపు ఒత్తుకున్నాడు.

"నేను జెప్పను పాపా. ఒగసారి ఫోన్లో సరే అని జెప్పినా. ఆ పొద్దు నా బిడ్డను ఒగ మాట అడిగింటే బాగుండు. నీ గుడ్డ, నీ కత్తెర. నువ్వే సూసుకో."

తల కుర్చీకి ఆనించి కళ్లు మూసుకున్నాడు. మిషన్లు మళ్లీ మొదలయ్యాయి. ఏసీ గాలికి కిటికీ తెర అతని చెంపను తాకి పోతోంది, మళ్లీ వస్తోంది. కళ్ల లోపల కూడా తెల్లగానే ఉంది. అందులో నాగవేణి రెండు జడలతో, పుస్తకాల సంచితో పోతోంది. వెనక్కి తిరిగి చూసుకోవడం లేదు. ఎక్కడికి అని అతను అడగలేదు, వెనకే నడిచాడు. చేను తడిగా, చల్లగా ఉంది.

ఎక్కడో పక్కనే గుడ్డను అరచేత్తో సాపు చేస్తున్న చప్పుడు. జానతో కొలుస్తున్న చప్పుడు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆపైన కత్తెర పడింది. రెండంగుళాలు పోయి ఆగింది. ఆగకు అనాలనిపించింది, నోరు కదల్లేదు. అది మళ్లీ తనంతట తానే కదిలి, ఈసారి ఎత్తకుండా, వంపు దగ్గర కూడా తడబడకుండా, చివరిదాకా ఒకే చప్పుడుగా పోయింది. కళ్లు తెరిచి చూద్దామనుకున్నాడు. చూడక్కర లేదనిపించింది. తెలుపు మెల్లగా దగ్గరికి వచ్చింది.

నిద్రపోతున్నాడని పిల్లలు గొంతులు తగ్గించారు. పుష్పలత అంచులు కుట్టింది, తిరగేసింది, గోటితో మడత రుద్దింది. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసుకుంది. తర్వాత ఫోను తీసుకుని బాల్కనీలోకి పోయి, తనకు వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో, ఆదివారం ఇంటికి పోతున్నానని మామాకు చెప్పింది. రెండోసారి కూడా అదే మాట చెప్పింది.

నాలుగున్నరకు, దుకాణానికి ఆలస్యమవుతుందని నిస్సీ లేపబోయింది. మణికట్టు పట్టుకుంది. మెడ దగ్గర వేళ్లు పెట్టింది. ఇంకోసారి పిలవలేదు. అతని కాళ్ల దగ్గర నేల మీద కూర్చుండిపోయింది. లోపలికి వస్తున్న పుష్పలత, చేతిలోని చిన్న ముక్కను చూపించబోయి, గుమ్మంలోనే నిలబడింది.

అంబులెన్సువాళ్లు వచ్చి, అడగవలసినవి అడిగి, తీసుకుపోయారు. మిషన్ల మీద గుడ్డలు కప్పారు. ఎవరూ ఆ కుర్చీలో కూర్చోలేదు. దాని చేతి మీది మెత్తలో, అతని కుడి చెయ్యి ఆనిన చోట, ఒక సూది గుచ్చి ఉంది. కొసన ముడివేసిన జానెడు తెల్లదారం ఏసీ గాలికి కదులుతోంది.