సవర మాటకు తెలుగు

జగన్నాధం వాళ్ళది భోగాపురం దగ్గర పల్లె. ఇసక నేలలో వేరుశనగ, చోళ్ళు పండించుకునే కుటుంబం. విజయనగరంలో ఒక కాలేజీలో తెలుగు ట్యూటరుగా చేరాక, అతను వాల్తేరు యూనివర్సిటీలో పరిశోధనకు పేరు నమోదు చేయించుకున్నాడు. నవలల్లోనూ సినిమాల్లోనూ అణగారిన మనుషుల్ని ఎలా చూపిస్తున్నారన్నది అతని విషయం.

ఆ విషయం అతనికి పుస్తకాల్లో దొరికింది కాదు. ఒకసారి తల్లి నారాయణమ్మను సినిమాకు తీసుకెళ్ళాడు. తెర మీద నాయకుడు, నాయిక, చివరికి దొంగ కూడా అచ్చువేసిన పుస్తకంలా మాట్లాడుతున్నారు. వంటమనిషి వచ్చి "ఏటి సేత్తన్నారు బాబూ?" అనగానే హాలంతా విరగబడి నవ్వింది. నారాయణమ్మ కూడా నవ్వింది. బయటికొచ్చి రిక్షా ఎక్కుతూ కొడుకుని అడిగింది.

"ఒరే, ఆ మనిసి అంత నవ్వొచ్చే మాటేటి ఆడిందిరా? నాకు తెలవలేదు. అందరూ నవ్వీసినారని నేనూ నవ్వీసినాను."

అప్పటి నుంచే జగన్నాధం నవలలు, సినిమాలు వేరే కళ్ళతో చూడటం మొదలుపెట్టాడు. పనివాళ్ళ మీద ఒక అధ్యాయం రాశాడు. కొండవాళ్ళ మీద రాయబోతే, తెర మీద వాళ్ళకు ఆ పాటి మాట కూడా లేదు. తలకి ఈకలు కట్టి, డప్పులు కొట్టించి, ఏ భాషా కాని కూతలు కూయిస్తున్నారు. ఆ అధ్యాయం కోపంగా రాశాడు.

గైడు నరసింగరావు గారు చదివి కళ్ళజోడు తీశారు.

"ఈ కూతలు అబద్ధమని రాశావు, బాగుంది. మరి వాళ్ళ నిజమైన మాట ఏమిటో నీకు తెలుసా?"

"తెలీదండి."

"తెలుసుకుని రాయి. లేకపోతే నువ్వూ వాళ్ళ గురించి మాట్లాడే మరో మనిషివే."

అలా జగన్నాధం, సవరవాళ్ళు ఉండే కొండ దిగువన జరిగే సంతకి వెళ్ళడం మొదలైంది. సెలవురోజుల్లో తెల్లారగట్లే బస్సెక్కేవాడు. అక్కడ గున్నమ్మ అనే సవర ఆమె చింతపండు, కొండచీపుళ్ళు అమ్ముకునేది. నలభై దాటిన మనిషి. కాస్త తెలుగు వచ్చు. తనకు సవర భాష నేర్పమంటే అనుమానంగా చూసింది.

"మా మాట నీకెందుకు బాబూ? సావుకారు కూడా నేర్సినాడు. బేరానికి సరిపడా నేర్సినాడు."

"నేను బేరం ఆడనమ్మా. మీ కథలు వింటాను."

ఆమెకు అది నమ్మశక్యంగా అనిపించలేదు గానీ, నేర్పింది. అతను ఒక మాట పలికితే పక్క బుట్టల దగ్గర ఆడవాళ్ళంతా నవ్వేవాళ్ళు. మాట గొంతులో ఎక్కడ ఆపాలో గున్నమ్మ తన మెడ మీద వేలు పెట్టి చూపించేది. తెలుగులో ఆమె మూడు నాలుగు మాటలకే తడబడేది. సావుకార్లు ఆమెను వెర్రిబాగులదానిలా చూసేవాళ్ళు. జగన్నాధానికి సవర చెవికి పట్టేకొద్దీ అసలు గున్నమ్మ కనిపించసాగింది. గబగబా మాట్లాడేది. వెటకారమాడేది. సంతలో ఒక్కో సావుకారు ఎలా నడుస్తాడో, ఎలా దగ్గుతాడో చెప్పి నవ్వించేది. ఆ వెటకారం అర్థమై అతను మొదటిసారి నవ్విన రోజున, తమ్ముడు గంగుల్ని పిలిచి అతన్ని కొండమీద తమ గూడేనికి తీసుకెళ్ళమంది. గంగులు తక్కువ మాటల మనిషి. ఎక్కుడు దారిలో కనిపించిన చెట్టునల్లా చూపించి పేరు చెప్పేవాడు. తిరిగి చెప్పించుకునేవాడు.

అరవై ఎనిమిదిలో కొండల్లో గొడవలు ముదిరాయి. గంగులు వాళ్ళు దున్నే చేలు ఎప్పుడో సావుకారి పేరు మీదికి వెళ్ళిపోయాయి. ఆ ఏడు పంట కోసిన రోజే సావుకారు ధాన్యమంతా బళ్ళకెత్తించి కొండ దింపుకుపోయాడు. గూడెంవాళ్ళు వెళ్ళి, గాదె తెరిచి, ధాన్యం మోసుకొచ్చుకున్నారు. మర్నాడు పోలీసులు వచ్చారు. పట్టుకెళ్ళినవాళ్ళలో గంగులు ఉన్నాడు.

కోర్టుకు గున్నమ్మతో పాటు జగన్నాధం వెళ్ళాడు. దుబాసీగా రావలసిన ఫారెస్టు గార్డు జ్వరమని రాలేదు. కేసు వాయిదా వేయబోతుంటే జగన్నాధం లేచాడు.

"నాకు సవర వచ్చండి."

చెబుతున్నప్పుడు అతనికి సంతోషంగానే ఉంది. నేర్చుకున్నది ఒకరికి అక్కరకొస్తోంది అనుకున్నాడు.

మేజిస్ట్రేటు మర్యాద తెలిసిన మనిషి. జగన్నాధం కాలేజీలో పాఠాలు చెబుతాడని విని కుర్చీ వేయించాడు. "సావుకారి గాదెలోంచి ధాన్యం తెచ్చాడేమో అడగండి" అన్నాడు.

జగన్నాధం అడిగాడు. గంగులు జీవితంలో ఎప్పుడూ అన్ని మాటలు ఒక్కసారి ఆడి ఉండడు. జగన్నాధం ఒక్కటీ జారిపోకుండా తెలుగులో చెప్పాడు.

"ఆ చేను మా తాత రాళ్ళు ఏరి చదును చేసింది. విత్తనం చల్లింది మేము. కోసింది మేము. కోసిన రోజే తీసుకుపోయారు. పిల్లలకు తిండి లేదు. వెళ్ళి మా ధాన్యం మేము తెచ్చుకున్నాం అంటున్నాడండి."

తన మాటలు తెలుగులో వినబడుతుంటే, అర్థం కాకపోయినా, గంగులు తల ఊపుతున్నాడు.

"అంటే తెచ్చాడు" అన్నాడు మేజిస్ట్రేటు.

"తమ సొంతం వెనక్కి తెచ్చుకున్నామని దాని అర్థమండి."

"అర్థాలు నేను చూసుకుంటాను. మాట చెప్పండి. తెచ్చాడా, లేదా?"

జగన్నాధం గంగులు వైపు చూశాడు. గంగులు నమ్మకంగా అతని వైపే చూస్తున్నాడు.

"తెచ్చామనే అన్నాడండి. కానీ..."

"మీరు దుబాసీయా, ప్లీడరా?"

నేరం ఒప్పుకున్నాడని గుమాస్తా ఇంగ్లీషులో రాసుకున్నాడు. దాని మీద సంతకం పెట్టనన్నాడు జగన్నాధం. అక్కరలేదన్నాడు గుమాస్తా. గంగులుకు ఏడాదిన్నర జైలు వేశారు.

బయట మెట్ల దగ్గర గున్నమ్మ సవరలో అడిగింది. "నా తమ్ముడి మాట అంతా చెప్పావా?"

"చెప్పాను."

"ఆయనకి వినిపించలేదా?"

"వినిపించింది."

"వినిపించినా పట్టుకుపోతారా?"

ఆ ప్రశ్నలో ప్రతి మాటా అతనికి తెలిసినదే.

శ్రీకాకుళంలో అప్పలస్వామి అనే ప్లీడరు దగ్గరకు వెళ్ళాడు. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"మీరు తర్జుమా తప్పు చేశారంటే అప్పీలుకి దారుంది. చేశారా?"

"లేదండి. కానీ చేశానని చెబుతాను" అన్నాడు జగన్నాధం.

"మంచిదే. మరి సరైన తర్జుమా ఏటని అడుగుతారు కదా మాస్టారూ. అప్పుడేటి సెప్తారు?"

జగన్నాధం చెప్పవలసింది మళ్ళీ గంగులు చెప్పిన ఆ మాటే. ప్లీడరు అతనికి మజ్జిగ తెప్పించి ఇచ్చాడు.

నరసింగరావు గారు మాత్రం ఇదంతా అధ్యాయంలో రాయమన్నారు. జగన్నాధం చాలా రోజులు కూర్చున్నాడు. సినిమాల్లో కూతలు కూయించిన వాళ్ళని తిట్టడం తేలిగ్గానే సాగింది. కోర్టులో ఎవరూ కూయించలేదు. గంగులు తన భాషలోనే, తన మాటే చెప్పాడు. అది ఉన్నదున్నట్టు తెలుగులోకి వచ్చింది. అధ్యాయం అక్కడే ఆగిపోయింది.

వేసవి దాటాక ఒకనాడు సంతకు వెళ్ళాడు. గొడవలకు అండ దొరక్కుండా గూడేలు ఖాళీ చేయించి, జనాన్ని రోడ్డు పక్క పాకల్లోకి దింపారట. సంత మొదట్లో ఇద్దరు పోలీసులు బల్ల మీద కూర్చున్నారు. గున్నమ్మ ముందు చీపుళ్ళు నాలుగే ఉన్నాయి. జగన్నాధం ఆమె పక్కన గొంతుక్కూర్చుని సవరలో కుశలం అడిగాడు.

"బాగున్నాను బాబూ" అంది ఆమె తెలుగులో.

గంగుల్ని చూడనిచ్చారా అని మళ్ళీ సవరలోనే అడిగాడు.

"లేదు బాబూ."

"నా మీద కోపమా?"

గున్నమ్మ బల్ల వైపు చూసి, తల వంచుకుంది. "మా మాట ఆడకు బాబూ. సూస్తన్నారు. మా మాట వొచ్చినోడివని నిన్ను కూడా పట్టుకుపోతారు."

ఆమె అన్నది అతని కోసమా, తన కోసమా అతనికి బోధపడలేదు. తెలుగులో ఆమె గొంతు అంతకంటే ఏమీ తెలియనివ్వలేదు. ఎవరో చీపురు బేరమాడటానికి వచ్చారు. ఆమె వేళ్ళు చూపించి ధర చెప్పసాగింది. జగన్నాధం ఆ వచ్చినవాళ్ళకు దారి ఇవ్వడానికి లేచి పక్కకు జరిగాడు.