రుక్కమ్మ ఎత్తిన మోటారు

ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగుతున్న రోజులవి. బస్సులు డిపోలు దాటడం లేదు. హైటెక్ సిటీ కంపెనీలకు క్యాబ్ నడిపే బాలనర్సయ్యకు సగం రోజులు పనే లేదు. కొండాపూర్‌లో హౌస్‌కీపింగ్ చేసే అతని భార్య రుక్కమ్మ కూడా చాలాసార్లు బోరబండలోని కిరాయి గదిలోనే ఉండిపోయేది.

అలా ఖాళీగా కూర్చున్నప్పుడు వాళ్ల మాటలు ఎటు తిరిగినా సింగూరు నీళ్ల దగ్గరికే చేరేవి. పెళ్లయిన కొత్తలో ఆ జలాశయంలోనే ఇద్దరూ చేపలు పట్టేవారు. అతను తెడ్డు వేస్తుంటే ఆమె వల వదిలేది. ఒక ఏడాది నీళ్లు అడుగంటితే పడవను ఒడ్డున బోర్లించి పట్నం వచ్చేశారు. ఇప్పుడు నీళ్లు నిండాయని ఊరి నుంచి కబురొచ్చింది.

"పోదాం పా. ఉద్యమం ఎప్పుడు ఒడుస్తదో ఏమో," అంది రుక్కమ్మ.

"పోతం గని, నా భుజం తెడ్డెయ్యనిస్తదా? మోటర్ గావాలె."

భుజం ఎముక విరిగి అతుక్కున్నప్పటి నుంచి అతనికి ఆ చెయ్యి పైకి లేవదు.

చందానగర్‌లో పడవ మోటార్లు అమ్మే సీతారామాంజనేయులు దుకాణానికి వెళ్లారు. ఆయనది కాకినాడ వైపు సముద్రపు ఒడ్డు. గొడవలకు భయపడి షట్టర్ సగం దించుకుని కూర్చున్నాడు. వీళ్ల తెలంగాణ యాస విని ముందు కాస్త బెదిరాడు. చేపల పడవకు మోటారు కావాలనగానే లేచి నిలబడ్డాడు.

బాలనర్సయ్య ఎనిమిది హార్స్‌పవర్ మోటారు మీద చెయ్యి వేశాడు. "గిదే గావాలె సేటూ. దుర్గం చెరువుల జూసిన, బోటు ఎట్ల ఉరుకుతదో!"

"మీ పడవ ఎంత పొడుగండీ?"

"పన్నెండు అడుగులు. చెక్కది."

సీతారామాంజనేయులు తల అడ్డంగా ఊపాడు. "వద్దండీ. మా అన్నయ్య ఇలాగే చిన్న పడవకి పెద్ద ఇంజను కట్టాడు. బరువుకి వెనకభాగం కుంగిపోయింది. గబుక్కున వేగం పెంచేసరికి ముందుభాగం గాల్లోకి లేచి, వెనక నుంచి నీళ్లొచ్చేశాయి. బతికి బయటపడ్డాడు గానీ మళ్లీ వేటకెళ్లలేదండీ."

బాలనర్సయ్య మొహం చిన్నబోయింది. ఆ శబ్దం, ఆ వేగం మీద ఎప్పటి నుంచో మనసుపడ్డాడు మరి.

అంతలో రుక్కమ్మ పక్కనున్న రెండున్నర హార్స్‌పవర్ మోటారు దగ్గరికి వెళ్లింది. కొంగు నడుముకు చెక్కుకుని, రెండు చేతులతో దాన్ని ఎత్తి చంకన పెట్టుకుంది.

"దొంగల భయానికి రోజూ ఒడ్డు నుంచి ఇంటిదాంక నేనే మోస్త. నీ భుజంతోని పెద్దది ఎవలు మోయాలె?"

"ఇది మెల్లగ పోతదే."

"మెల్లగ పోతెనే మంచిగ. అప్పట్ల పొద్దుగాల నువ్వు తెడ్డేసుకుంట ముచ్చట్లు చెప్తుంటివి గద. గా పెద్ద దాని మోతల ఒక్క ముచ్చటన్న ఇనవడతదా?"

పట్నంలో బాలనర్సయ్యది రాత్రి డ్యూటీ, ఆమెది పగటి డ్యూటీ. కూర్చుని ముచ్చట్లాడుకుని ఎన్నేళ్లయిందో గుర్తుకు రాలేదు.

"గీ చిన్నదే కట్టియ్యి సేటూ," అన్నాడు నవ్వుతూ. బస్సులు కదిలాక ఊరికొచ్చి తానే బిగిస్తానని సీతారామాంజనేయులు మాట ఇచ్చాడు.

సమ్మె ముగిసి బస్సులు కదలగానే, మాట ఇచ్చినట్టే సీతారామాంజనేయులు మోటారు బిగించడానికి వాళ్ల ఊరు వచ్చాడు. పడవకు కొత్తగా తారు పూసి ఉంది. మోటారు బిగించి తాడు లాగగానే సన్నగా దడదడమంటూ అందుకుంది. ముగ్గురినీ ఎక్కించుకుని పడవ నింపాదిగా నీళ్ల మధ్యకు సాగింది. బాలనర్సయ్య మంచి చెయ్యి మోటారు పిడి మీద ఉంది. రుక్కమ్మ వల విప్పుతూ, మొదటిసారి చిక్కిన పెద్ద చేప వలను చించుకుని పోయిన సంగతి చెబుతోంది. ఆ చప్పుడులోనూ ప్రతి మాటా వినబడుతోంది.

"చేప చింపలే, నువ్వే ఇడ్సిపెట్టినవ్," అన్నాడు బాలనర్సయ్య.

"నేనా? నువ్వు పడవను గుంజితివి గద!"

ముందు కూర్చున్న సీతారామాంజనేయులు వంగి దోసెడు నీళ్లు నోట్లో పోసుకున్నాడు.

"చిన్నప్పుడు మా సముద్రంలో పడవెక్కితే నోరంతా ఉప్పేనండీ," అన్నాడు మెల్లగా. "పడవలో కూర్చుని ఎన్నాళ్లయిందో!"

"అయితే జర వల పట్టు అన్నా," అంటూ రుక్కమ్మ ఒక కొస ఆయన చేతికిచ్చింది.