పరగడుపున నట్టల మందు

ప్రొద్దుటూరులో గోపీకృష్ణ ఇంటి మేడ మీద రెండు కుందేళ్లున్నాయి. తెల్లది పింజ, నల్లది మసి. పేర్లు పెట్టింది కూతురు సహస్ర. కడప హాస్టల్లో చేరేటప్పుడు వాటిని తండ్రికి అప్పగించి పోయింది. సాయంత్రం వీడియో కాల్ చేస్తే ముందు కుందేళ్లను చూపించమంటుంది. నాన్న బాగున్నాడా అని అడిగేది ఆ తర్వాతే.

బుధవారం పొద్దున గూడు ఊడుస్తుంటే మసి పెంటికల్లో తెల్లటి దారప్పోగుల్లాంటివి కనిపించాయి. గోపీకృష్ణది బట్టల వ్యాపారం. దారం దానంతట అది కదలదని అతనికి తెలుసు.

తల్లి వనజమ్మ మెట్ల మీదే నిలబడి అడిగింది. ఆమె గూడు దగ్గరికి రాదు.

"పురుగులా? కింద దేవుణ్ణి పెట్టుకోని నెత్తిన పెంటికలు మోస్తాండాం. మందన్నా పొయ్యి, లేకుంటే యాడన్నా ఇడిచిపెట్టి రా."

పశువుల ఆసుపత్రికి పోతే డాక్టరు పల్లెల్లో శిబిరానికి పోయాడన్నారు. మందుల కొట్లలో కుక్కలకు మాత్రలున్నాయి, కుందేళ్లకు లేవు. చివరి కొట్టాయన జమ్మలమడుగులో గొర్రెల మందులమ్మే హబీబుల్లా దగ్గరికి పొమ్మన్నాడు. గోపీకృష్ణ ఇంటికొచ్చి, ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు కాటా మీద కుందేళ్లను తూకం వేయించుకుని, తన బట్టల కొట్టు పనివాళ్లకు వదిలి బండెక్కాడు.

"కుందేళ్లకు నట్టల మందా?" హబీబుల్లా నవ్వాడు. "ఏం శెట్టీ, బట్టలు మానేసి మంద పెట్టినావా?"

"రెండేలే అప్పా. మా పాపవి."

"రెండిటికి ఇంత దూరమొచ్చినావా! రెండు నూర్ల గొర్రెలుండేటోడు గూడా ఇంత తొందర పడడు."

నవ్వినా పని మాత్రం శ్రద్ధగా చేశాడు. మందు కంపెనీ మనిషికి ఫోన్ చేసి ఆ తూకం కుందేలుకు ఎంత మందో కనుక్కున్నాడు. చిన్న సిరంజి మీద పెన్నుతో గీత గీశాడు.

"ఈ గీత దాటొద్దు. రాత్రికి మేత బంద్ జెయ్. పొద్దున్నే పరగడుపున తాపు. కడుపు ఖాళీగా ఉంటే నట్టలకు తినేదానికి ఇంకేం దొరకదు, మందే తింటాయి."

గొర్రెలున్న ప్రతి ఊళ్లో ఇలాగే చేస్తారు. గోపీకృష్ణకు అనుమానం రాలేదు. చిన్నప్పుడు తల్లి తనకు ఆముదం పోసింది కూడా పరగడుపునే. వనజమ్మ అయితే, హబీబుల్లా మంచిమాట చెప్పినాడని ఆ సాయంత్రం తానే మేడెక్కింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, గూట్లో గడ్డిపోచ మిగలకుండా చీపురుతో లాగేసింది.

గురువారం పొద్దున గోపీకృష్ణ ఒక్కోదాన్ని తువ్వాల్లో చుట్టి, మూతి పక్కనుంచి సిరంజి పెట్టి మందు తాపాడు. తర్వాత గడ్డి వేశాడు. పింజ వెంటనే తింది. మసి వాసన చూసి మూలకు పోయి కూర్చుంది.

అతను కొట్టుకు పోయాడు, కాసేపటికే ఇంటికొచ్చాడు. మళ్లీ పోయాడు. ఒకామె పచ్చచీర అడిగితే నీలిది తీశాడు. మళ్లీ ఇంటికొచ్చాడు. గూట్లో రెండు కుందేళ్లకూ మధ్య ఇనుప జాలీ ఉంది. జాలీకి అటువైపు పింజ పెంటికలు ఎప్పటిలాగే పడ్డాయి. ఇటువైపు గోనెపట్టా శుభ్రంగా ఉంది. మసి కదల్లేదు.

హబీబుల్లాకు ఫోన్ చేశాడు.

"గొర్రెయితే ఈపాటికి ఎగబడి తినాల. కుందేలు సంగతి నాకు తెల్దు శెట్టీ," అన్నాడు హబీబుల్లా. ఈసారి నవ్వలేదు. "పులివెందులలో అమూల్య మేడమని డాక్టరుంది. కుందేళ్లను చూస్తాది. కూచోవద్దు, పో."

గోపీకృష్ణ మసిని బుట్టలో పెట్టుకుని బస్సెక్కాడు. ముద్దనూరు వచ్చేలోపు బుట్టలోకి చేయి పెట్టి చాలాసార్లు చూశాడు. ఊపిరి తగులుతోంది.

పక్కసీటాయన అడిగాడు. "కోడా అప్పా?"

"కుందేలు."

"ఎందుకు, కూరకా?"

గోపీకృష్ణ బుట్టను ఒడిలోకి తీసుకుని కిటికీ వైపు తిరిగాడు.

అమూల్య మసి పొట్టను వేళ్లతో నొక్కి చూసింది. సిరంజి మీది గీత చూసింది.

"మందు సరిగ్గానే ఇచ్చినారు. రాత్రి ఏం పెట్టినారు?"

"ఏమీ పెట్టలేదు మేడమ్. పరగడుపున తాపమన్నారు."

"అది గొర్రెలకు. దీని కడుపు రాత్రీ పగలూ ఆడతానే ఉండాల. మేత ఆపితే కడుపూ ఆగుతాది. ఆగినదాన్ని మళ్లీ కదిలించేది కష్టం." సూది వేసింది. "పచ్చగడ్డి, కొత్తిమీర మెత్తగా నూరి కొంచెం కొంచెంగా తాపండి. పొట్ట నిమరండి. పెంటిక పడిందంటే గట్టెక్కినట్టు."

"పడకపోతే?"

"పొద్దున్నే తీసుకురండి," అని ఆమె తర్వాతి మేకను పిలిచింది.

తిరుగు బస్సులోంచి తల్లికి ఫోన్ చేసి డాక్టరు మాటలు చెప్పాడు.

"గడ్డంతా లాగేసింది నేనే గదరా," అంది వనజమ్మ.

అతను ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. వనజమ్మ తన మడివంటకు వాడే రోట్లోనే గడ్డి, కొత్తిమీర నూరి పెట్టింది. మసిని ఒళ్లోకి తీసుకుంది. గోపీకృష్ణ సిరంజితో కొంచెం కొంచెంగా తాపాడు. ఆమె పొట్ట నిమిరింది. సగం గడ్డం మీదుగా కారి ఆమె చీర తడిసింది. గోపీకృష్ణ లేచి నడిచాడు, వచ్చి కూర్చున్నాడు, పెంటిక పడిందేమోనని ఆమె ఒడి వైపు చూశాడు.

ఫోన్ మోగింది. సహస్ర. అతను ఎత్తలేదు. ఆగి మళ్లీ మోగింది.

"ఎత్తురా."

"ఏమని చెప్పాల?"

"జరిగిందే చెప్పు."

ఎత్తాడు.

"నాన్నా, మసి యాడుంది? అయ్యో, అవ్వ ఒళ్లోనా!"

"దానికి బాగలేదు పాపా. మందు తాపేదానికని రాత్రి పస్తు పెట్టినాం. పెట్టగూడదంట. మాకు తెల్దు."

సహస్ర ముఖం తెరకు దగ్గరగా వచ్చింది. "సచ్చిపోతాదా నాన్నా?"

గోపీకృష్ణ తల్లి వైపు చూశాడు. వనజమ్మ నిమురుతూనే ఉంది. మసి వెనక్కాళ్లు సర్దుకుంది. ఆమె చేయి ఆపి, చీర మడతలో వెతికి, దొరికినదాన్ని అరచేతిలో పెట్టుకుని ఫోన్ ముందుకు చాపింది.

"ఇదో, చూడు."

"అవ్వా, అది పెంటిక!"

"నాకు తెల్దా ఏంది? చూస్తాండావా లేదా, బాగా చూడు."

శనగగింజలో సగం కూడా లేదు. వెనక నుంచి వార్డెన్ పిలుస్తున్నా సహస్ర కాల్ కట్ చేయలేదు. గోపీకృష్ణ ఫోన్‌ను గోడకు ఆనించి, సిరంజి మళ్లీ నింపి, రెండో పెంటిక కోసం కూర్చున్నాడు.