గూటి బయటి పిల్లలు

ఆ గదిలో ఇరవైనాలుగు పెట్టెలు. ఒక్కో పెట్టెలో ఒక తల్లి ఎలుక, దాని పిల్లలు. తల్లులు కడుపుతో ఉన్నప్పుడు సగానికి హార్మోన్ కలిపిన నువ్వులనూనె సూదితో ఎక్కించారు, సగానికి ఉత్త నువ్వులనూనె. గర్భం నిలవడానికి ఆడవాళ్ళకు రాసే హార్మోనే అది. ఏ తల్లికి ఏది పడిందో ఆ గదిలోకి వచ్చేవాళ్ళెవరికీ తెలియదు. ఆ పట్టికను కవర్లో పెట్టి, అంటించి, ఈ ప్రయోగం నడిపే డాక్టర్ బదరియా తన సొరుగులో ఉంచుకుంది. తెలిస్తే చూసేవాళ్ళ కన్ను ఒకవైపు మొగ్గుతుందని.

సంజీవమ్మ పని పెట్టెల్లో పరిచే మొక్కజొన్న కండెల పొట్టు మార్చడం, నీళ్ళ సీసాలు కడగడం, నేల తుడవడం. రాయచోటి పక్క పల్లె నుంచి వచ్చి కువైట్‌లో పదమూడేళ్ళు ఇళ్ళల్లో చేసింది. రెండేళ్ళ కిందట క్లీనింగ్ కంపెనీకి మారింది. పొద్దున ఐదున్నరకు తను ఉండే అబూ హలీఫాలో కంపెనీ వ్యాను ఎక్కితే ఆరున్నరకు ఆ గది తలుపు తీస్తుంది. ఎనిమిదికి తౌఫిక్ వస్తాడు. కడప పిల్లవాడు, టెక్నీషియన్. పెట్టె పెట్టెలోకి తొంగి చూసి కాగితం మీద రాసుకుంటాడు. ఏం రాస్తాడో ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. ఎలుకల గురించి ఆమెకు చెప్పింది ఒకటే: గ్లోవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, చేతి వాసన అంటితే తల్లి పిల్లను తినేస్తుంది.

పిల్లలు పుట్టిన మరునాడు మూడో పెట్టెలో ఒకటి చచ్చి కనిపించింది. టిష్యూ కాగితాల గూడు ఒక మూల, తల్లి ఇంకో మూల, మధ్యలో పిల్ల. చిటికెనవేలి కణుపంత. చల్లబడిపోయింది. ఆ తర్వాతి రోజు ఇంకో పెట్టెలో రెండు బయటపడి మెదులుతున్నాయి. తల్లి వాటిని చూసింది, సంజీవమ్మను చూసింది, కదల్లేదు. సంజీవమ్మ గ్లోవ్స్ తొడుక్కుని రెండింటినీ ఎత్తి గూట్లో పెట్టింది.

అప్పటి నుంచి అది కూడా పనిలో కలిసిపోయింది. ఏడు పెట్టెల్లో రోజూ పిల్లలు బయటే ఉండేవి. తౌఫిక్ వచ్చే వేళకు అన్నీ గూళ్ళల్లో ఉండేవి. ఆమె ఎవరితోనూ అనలేదు. చెప్పుకునేంత పని అనుకోలేదు.

శుక్రవారం రాయచోటి నుంచి కూతురు అరుణజ్యోతి ఫోన్ చేసింది. రెండు కడుపులు పోయాక ఇది మూడోది. నాలుగో నెల.

"మా, డాక్టరమ్మ హార్మోన్ బిళ్ళలు రాసింది. మా అత్త వద్దంటాంది, బిడ్డకు యేమన్నా అయితాదంట. నువ్వు ఆ మందు కాడే గదా పన్జేసేది. కనుక్కో."

"కసువు ఊడ్చేదాన్ని మే. నాకేం తెలుస్తాది?"

"ఊడ్చేటోళ్ళకే అన్నీ తెలుస్తాయి. అడుగు పో."

ఆదివారం తౌఫిక్‌ను అడిగింది.

"నిమ్మళంగా మింగమను సంజీవక్కా. మందు పడినా పడకున్నా యేం తేడా లేదు. అన్ని తల్లులూ పిల్లల్ని బాగా చూసుకుంటాండాయి."

"నీకెట్ల తెలుసు నాయనా?"

"రోజూ నేను రాసేది అదే గదా. గూటి బయట ఎన్ని పిల్లలుండాయి అని. వారం దాటింది, మొదట్లో చచ్చిందొకటి తప్ప యా పెట్టెలో చూసినా సున్నా. ఇట్టాంటి తల్లుల్ని యాడా చూళ్ళేదు అక్కా. మా చిన్నమ్మ నలుగురు పిల్లోళ్ళకే ఇల్లిడిచి పోతానని అరిచేది." తౌఫిక్ నవ్వాడు.

సంజీవమ్మ సీసా కడగడం ఆపి, రోజూ తను పిల్లల్ని ఎత్తిపెట్టే పెట్టెల వైపు చూసింది.

ఆ రోజే అతను సంచిలోంచి అరచేయంత యంత్రం తీశాడు. ఎలుక పిల్లలు ఏడుస్తాయనీ, ఆ గొంతు మన చెవికి అందనంత కీచుగా ఉంటుందనీ, ఈ యంత్రం దాన్ని దించి వినిపిస్తుందనీ చెప్పాడు. ఒక పిల్లను తీసి గిన్నెలో పెట్టి మీట నొక్కాడు. తడి వేలితో గాజును రుద్దినట్టు ఒక చప్పుడు. ఆగింది. మళ్ళీ వచ్చింది. పిల్లను గూట్లో పెట్టేదాకా వస్తూనే ఉంది.

రోజూ ఆరున్నరకు తను తలుపు తీసే గది, చప్పుడు లేదనుకున్న గది, ఇలా ఉండేదన్నమాట.

మరునాడు తలుపు తీసి గడపలోనే నిలబడింది. ఏసీ మోత తప్ప ఏమీ లేదు. పెట్టెల దగ్గరికి పోయి వంగి చూసింది. బయటపడ్డ పిల్లల నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. మూసుకుంటున్నాయి, తెరుచుకుంటున్నాయి. ఇక వాటిని గూట్లో పెట్టకూడదని వ్యానులో వస్తూ అనుకుంది. పెట్టింది.

అబూ హలీఫా గదిలో కొళాయి తిప్పితే ఆ చప్పుడు. లిఫ్టు తలుపు మూసుకుంటే ఆ చప్పుడు. గదిలో తోడుండే జైతున్‌బీ కుక్కర్ పెడితే, విజిల్ రాకముందే సంజీవమ్మ లేచి పోయి స్టవ్ ఆపింది. అరుణజ్యోతి ఫోన్ నాలుగుసార్లు మోగింది. ఎత్తలేదు. "అడిగినావా మా? బిళ్ళలు అట్లనే పెట్టుకోనుండా" అని వాయిస్ మెసేజ్ వచ్చింది.

రోజూ పిల్లల్ని తనే గూట్లో పెడుతున్నానని బుధవారం తౌఫిక్‌కు చెప్పేసింది. అతను తలుపు మూసి వచ్చాడు.

"ఈ మాట ఇంకెవురికీ చెప్పొద్దు అక్కా. డాక్టర్ మీ కంపెనీకి ఒక్క ఫోన్ చేసిందంటే ఖలాస్, నీ ఇఖామా పోతాది, ఇంటికి పంపిచ్చేస్తారు. ఆమెను రాసుకోనీ ఆమె పేపరు. ఎలుకల సంగతి ఎవురికి గావాల?"

"నా కూతురికి గావాల."

డాక్టర్ బదరియా గదిలోకి పోయింది. పదమూడేళ్ళు ఇళ్ళల్లో నేర్చుకున్న అరబ్బీ సరిపోయింది. ఇళ్ళల్లో యజమానురాలిని పిలిచినట్టు తనను మామా అనొద్దని డాక్టర్ ఎన్నోసార్లు చెప్పింది. ఆ రోజు కూడా మామా అనే మొదలుపెట్టింది. డాక్టర్ అంతా విన్నాక రెండే అడిగింది. ఎప్పటి నుంచి? ఏ పెట్టెలు?

సంజీవమ్మ ఆమెను తీసుకుపోయి ఏడు పెట్టెలూ చూపించింది. డాక్టర్ నంబర్లు రాసుకుంది. తిరిగొచ్చి సొరుగులోని కవరు చించింది. నంబర్లు పోల్చి, మళ్ళీ ఒకసారి పోల్చింది.

"ఐదు హార్మోన్. రెండు ఉత్త నూనె."

"అంటే ఎక్కువేనా మామా?"

"ఎక్కువే కావచ్చు. లెక్క ఊరికే అలా పడి ఉండవచ్చు. రోజూ ఎనిమిదికి ఎన్ని పిల్లలు బయట ఉన్నాయో రాసి ఉంటే ఎంతో కొంత చెప్పగలిగేదాన్ని. నా దగ్గర సున్నాలున్నాయి."

డాక్టర్ ఇంకో మాట అంది. "ఇవి ఎలుకలు. వీటిని చూసి నీ కూతుర్ని మందు మానమని చెప్పకు. మంచిదేనని నా పేరు మీద కూడా చెప్పకు. ఆమెను చూసే డాక్టరే చెప్పాలి."

ఆమె కంపెనీకి ఫోన్ చేయలేదు. కొత్త తల్లులతో మొదటి నుంచీ మొదలుపెడతానంది. ఇక సంజీవమ్మ ఆ గదిలోకి పోవాల్సింది తౌఫిక్ వచ్చిపోయాకే.

ఆ మధ్యాహ్నం సంజీవమ్మే కూతురికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఐదూ రెండూ కూడా చెప్పింది.

"అయితే మింగాల్నా వద్దా?"

"మీ డాక్టరమ్మనే అడుగు మే. నీ బయమంతా ఆమెకు చెప్పి అడుగు. నాకు తెలీదు. ఇంగ కొన్నాళ్ళకు ఈడోళ్ళకన్నా తెలిసుండేది, నేనే చెరిపేసినా."

అరుణజ్యోతి ఇంకొకటి అడిగింది.

"మళ్ళా కొత్తగా మొదలుపెడ్తారంటివే. ఈ తూరి పిల్లలు బయటపడితే లోపల పెట్టేదెవురు?"

"ఎవురూ పెట్టరు. పెట్టగూడదు."

"అట్లనే వదిలేస్తారా?"

"ఎనిమిదింటి దాకా. తౌఫిక్ లెక్క రాసుకొనే దాకా."

కూతురు ఫోన్ పెట్టేయలేదు.